ఆరేళ్లు తిప్పాక చెప్తున్నా: రెగ్గే, డబ్ రీఇష్యూ ఎల్పీలు

రెగ్గే అంటే జమైకా సంగీతం, డబ్ అంటే దాన్నే గొంతులు తీసేసి ఎకోలతో మళ్లీ మిక్స్ చేసింది. ఆ పాత ఆల్బమ్‌లని మళ్లీ వేసిన రికార్డులు (రీఇష్యూలు) ఆరేళ్లలో పాతిక దాకా కొన్నా, పదే పదే ప్లేయర్ మీదకెక్కేవి మాత్రం నాలుగైదే.

ఫస్ట్ కొన్నది జమైకా మ్యుజీషియన్ అగస్టస్ పాబ్లోది, 1976లో వచ్చిన 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్'. దాన్ని మిక్స్ చేసిన కింగ్ టబ్బీ అసలు ఎలక్ట్రానిక్స్ రిపేర్లు చేసే మనిషి, కింగ్‌స్టన్‌లో వాటర్‌హౌస్ అనే ఏరియాలో ఇంట్లోనే చిన్న స్టూడియో పెట్టుకుని, నాలుగు ట్రాకుల మిక్సర్ మీద పాడేవాళ్లని తీసేసి డ్రమ్సూ బేసూ మిగిల్చి, మధ్యలో ఒక్క మాట వదిలితే అది ఎకోలో తిరిగి తిరిగి ఎక్కడికో పోతుంది. డబ్‌లో ఇన్ని ఖాళీలు ఉంటాయి కాబట్టే ప్రెసింగ్ (రికార్డు అచ్చు వేయడం) ఏమాత్రం తేడా కొట్టినా వెంటనే దొరికిపోతుంది, వేరే మ్యూజిక్ అయితే సౌండ్ కింద దాక్కునేది.

నా తిప్పలు అక్కడే మొదలయ్యాయి. ఇంకో డబ్ ఎల్పీ (వేసిన కంపెనీ పేరు వద్దులే) రెండో సైడులో చిటపట వస్తోందని మూడుసార్లు కడిగా, నీడిల్ మార్చా, అమ్మినవాడితో గొడవపడి ఇంకో కాపీ తెప్పించా, దాంట్లో కూడా సరిగ్గా అదే చోట అదే చిటపట! అప్పుడు వెలిగింది, మాస్టర్ టేప్ (అసలు రికార్డింగ్ టేప్) దొరక్క ఎవరిదో పాత రికార్డు ప్లే చేసి దాన్నుంచే దీన్ని తయారు చేశారని. తప్పని కాదు, జమైకాలో చాలా టేపులు పోయాయి, కొన్నిటికి మిగిలింది రికార్డులే. కానీ ఆ ముక్క కవర్ మీద రాస్తే నాకు అన్ని కడుగుళ్లు తప్పేవి కదా.

ది కాంగోస్ అనే రెగ్గే గ్రూపు వాళ్ల 'హార్ట్ ఆఫ్ ది కాంగోస్' సంగతి వేరు. 1977లో ప్రొడ్యూసర్ లీ పెర్రీ తన బ్లాక్ ఆర్క్ స్టూడియోలో చేశాడు, ఉన్న నాలుగు ట్రాకుల్లోనే ఒకదాని మీద ఒకటి ఎక్కిస్తూ పోయాడు కాబట్టి ఆ పొగమంచు లాంటి హిస్ (టేప్ 'స్స్' చప్పుడు) అసలు రికార్డింగులోనే ఉంది, రీఇష్యూని తిట్టి లాభం లేదు. మధ్యలో ఆవు అంబా అని కూడా అరుస్తుంది, మొదటిసారి విన్నప్పుడు కిటికీలోంచి బయటికి చూశా నిజంగా. అప్పట్లో సరిగ్గా రిలీజ్ కాని ఈ ఆల్బమ్ చాలామందికి చేరింది 1996లో బ్లడ్ అండ్ ఫైర్ అనే రీఇష్యూ కంపెనీ వాళ్లు మళ్లీ వేశాకే. పాత రెగ్గేకి విషయమున్న నోట్స్, ఫోటోలతో మర్యాదగా రీఇష్యూ చేయడం అంటే నాకు గుర్తొచ్చేది వాళ్లే.

రికార్డు బరువు 180 గ్రాములు అని స్టిక్కర్ చూసి మాత్రం కొనకండి, బరువుకి సౌండుకి సంబంధం లేదు. సైడుకి ఎన్ని నిమిషాలో చూడండి, బేస్ గట్టిగా రావాలంటే గాడి వెడల్పుగా ఉండాలి, ఇరవై అయిదు నిమిషాలు కుక్కితే ఆ దమ్ము రాదు, రెగ్గేలో అది పోయాక ఇంకేం మిగుల్తుంది చెప్పండి.

ఆ చిటపట ఎల్పీకి టేప్ నుంచి చేసిన ప్రెసింగ్ ఒకటి వచ్చింది. నెల నుంచి కార్ట్‌లో పెడుతున్నా, తీస్తున్నా, ఆ చప్పుడు లేకుండా వింటే ఎలా ఉంటుందో ఏమో అని.