గూగుల్ డాక్స్ వెర్షన్ హిస్టరీ: నా తరఫున సాక్ష్యం చెప్పిన ఫీచర్

గూగుల్ డాక్స్‌ని ఇప్పుడు ఎవరికీ కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. ఆన్‌లైన్‌లో రాసి సంపాదించుకునే మాలాంటి ఫ్రీలాన్సర్లకి అది పొద్దున లేస్తే కనిపించే గోడ లాంటిది. నేను రాయబోయేది దాని ఫైల్ మెనూ లోపల ఎక్కడో ఉండే ఒకే ఒక్క ఫీచర్ గురించి, వెర్షన్ హిస్టరీ గురించి. డాక్యుమెంట్‌లో ఎప్పుడేం రాశామో, ఏం చెరిపామో దాచిపెట్టుకునే చిట్టా అది. ఏళ్ల తరబడి డాక్స్ వాడుతూ కూడా నాకు దానితో పెద్దగా పని పడలేదు. చెరిపేసిన పేరా మళ్లీ కావాలంటే ఎప్పుడైనా తెరిచేదాన్ని తప్ప, అదొకటి ఉందని కూడా గుర్తుండేది కాదు. ఇప్పుడు మాత్రం డాక్స్‌లో నాకు నచ్చేది ఏంటని అడిగితే ముందు దాని పేరే చెప్తాను. రాదనుకున్న డబ్బు ఇప్పించింది మరి.

ఒక క్లయింట్‌కి చాలాకాలంగా ఇంగ్లీషు వ్యాసాలు రాస్తున్నాను. సాంకేతిక విషయాలు మామూలు పాఠకులకు అర్థమయ్యేలా చెప్పాలి. పదానికి ఇంత అని లెక్క. ఏం రాయాలో చెప్పే బ్రీఫ్ వస్తుంది, రాసి పంపుతాను, ఇన్‌వాయిస్ పెడతాను, డబ్బు పడుతుంది. ఒకరి మొహం ఒకరం ఎప్పుడూ చూసుకోలేదు, చూసుకోవాల్సిన అవసరమూ రాలేదు. అలాంటిది ఒకరోజు మెయిల్‌లో ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. నా వ్యాసాన్ని ఏదో ఏఐ డిటెక్టర్‌లో, అంటే మనిషి రాసిందో యంత్రం రాసిందో చెప్తానే పరికరంలో, వేశారట. వాక్యాలన్నీ రంగు పూసుకుని ఉన్నాయి. ఎక్కువ భాగం యంత్రం రాసిందని తేలిందట, అందుకని పేమెంట్ ఆపుతున్నారట. ముందు నవ్వొచ్చింది. ఆ నెల ఖర్చులు గుర్తొచ్చాక నవ్వు ఆగిపోయింది.

ఈ డిటెక్టర్లకి వ్యాసం ఎవరు రాశారో తెలిసే దారి లేదు. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఊహించడం ఎంత సులువు అన్నది అవి చూసే వాటిలో ముఖ్యమైనది. ఊహకి అందేట్టు ఉంటే యంత్రం ఖాతాలో వేసేస్తాయి. నాలాగా ఇంగ్లీషుని బళ్లో నేర్చుకుని, తెలిసిన మాటలతోనే జాగ్రత్తగా రాసేవాళ్లు ఆ లెక్కలో ఇట్టే ఇరుక్కుంటారు. అందులోనూ "సింపుల్‌గా రాయండి" అని చెప్పింది ఆ క్లయింటే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసే టోఫెల్ పరీక్ష కోసం మనుషులు రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకి ఇచ్చి చూశారు. సగటున 61 శాతం పైన ఏఐ రాసినవేనని అవి తేల్చాయి. అమెరికాలో ఎనిమిదో తరగతి పిల్లలు రాసిన వ్యాసాలను మాత్రం దాదాపు అన్నిటినీ సరిగ్గానే మనుషులవని గుర్తించాయి. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో ఇలాంటి పరికరం ఒకటి వదిలి, కచ్చితత్వం తక్కువగా ఉందని జులైలో తీసేసింది. ఇదంతా క్లయింట్‌కి మర్యాదగా, లింకులతో సహా రాసి పంపాను. "మా పాలసీ ఇంతే" అని ఒక్క లైన్ జవాబు వచ్చింది.

వాదన పనిచెయ్యకపోయాక సాక్ష్యం సంగతి తట్టింది. ఆ వ్యాసం మొదటి అక్షరం నుంచి డాక్స్‌లోనే రాశాను. వెర్షన్ హిస్టరీ తెరిస్తే కుడిపక్కన తేదీలు, టైములు వరుసగా ఉన్నాయి. ఒక్కోటి నొక్కుతుంటే వ్యాసం వెనక్కి నడుస్తోంది. కొత్తగా చేర్చినవి రంగులో, తీసేసినవి కొట్టివేత గీతతో. రెండో రోజు రాత్రి మొత్తం ఎత్తుగడ పీకేసి మళ్లీ రాసిన సంగతి నేనే మర్చిపోయాను, దానికి గుర్తుంది. ఒక ఉదాహరణని మూడో పేరాలో పెట్టి, తీసేసి, చివర్లో పెట్టి, మళ్లీ మూడో పేరాకే తెచ్చాను. ఒకచోట బ్రాకెట్లలో "ఇది నిజమేనా? చెక్ చెయ్యాలి" అని తెలుగులో రాసుకున్న నోట్ కూడా భద్రంగా ఉంది. క్లయింట్‌కి ఎడిట్ అనుమతి ఇచ్చి, ఎక్కడ నొక్కి చూడాలో మెయిల్‌లో రాశాను. దాంతోపాటు డ్రాఫ్ట్‌బ్యాక్ అనే క్రోమ్ ఎక్స్‌టెన్షన్ వాడి, రాసిన క్రమం అంతా సినిమాలా ఆడే వీడియో ఒకటి స్క్రీన్ మీద రికార్డు చేసి పంపాను. మర్నాడు డబ్బు పడింది. సారీ లాంటిదేమీ రాలేదు. తర్వాతి వ్యాసం బ్రీఫ్ మాత్రం వచ్చింది. ఇద్దరం ఏమీ జరగనట్టే పని కొనసాగించాం, ఇప్పటికీ రాస్తున్నాను.

డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ వీడియో చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం వేరు. డబ్బు కోసం రాసే వ్యాసాల్లో కళ ఏముంటుందిలే అని నాకు నేనే చెప్పుకునేదాన్ని. కళంతా నా కథల్లో ఉందనీ, ఇది బతకడానికి చేసే పని అనీ ఒక గీత గీసుకున్నాను. ఆ వీడియోలో చూస్తే, ఒక వాక్యంలో క్రియ కుదరక అరగంట సేపు అటూ ఇటూ మార్చిన మనిషి కనిపించింది. కథ రాసేటప్పుడు నేను చేసేదీ అదే. నా గీత తప్పని ఒప్పుకోను గానీ, అంత నిటారుగా మాత్రం లేదు.

పికాసో 1903-04లో వేసిన 'ముసలి గిటార్ వాద్యకారుడు' బొమ్మ ఒకటి షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉంది. దాన్ని ఎక్స్‌రే తీసి చూస్తే రంగుల కింద ఒక స్త్రీ బొమ్మ బయటపడింది. డబ్బుకి కటకటలాడుతున్న రోజుల్లో అంతకుముందు వేసినదాని మీదే ఇంకో బొమ్మ వేశాడన్నమాట. ఆయన లేని డబ్బు వల్ల కప్పేశాడు, నేను రావాల్సిన డబ్బు కోసం విప్పి చూపించాను. పికాసోతో పోలికా అని నవ్వకండి, నాకూ నవ్వే వచ్చింది. కానీ కింది పొరలు పాఠకుడికి చూపించాల్సినవా, అసలు అవి ఎవరి సొత్తు అనే ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదలట్లేదు.

వదలకపోవడానికి ఇంకో కారణం ఉంది. పై సంఘటన తర్వాత హిస్టరీని నేనే కొత్త క్లయింట్లకి ముందుగా చూపించడం మొదలుపెట్టాను, నమ్మకం కుదురుతుందని. వాళ్లలో ఒకరు దాన్ని హాజరు పట్టీలా చదివారు. "టైములు చూస్తే ఇది ఒక్క మధ్యాహ్నం పనే కదా, రేటు కొంచెం తగ్గించుకోవచ్చుగా" అన్నారు. ఆ మధ్యాహ్నానికి ముందు చదివిన రిపోర్టులు హిస్టరీలో లేవు. స్నానం చేస్తూ, బస్సులో నిలబడి మొదటి వాక్యం వెతుక్కున్న సమయం లేదు. రాయకుండా కూర్చున్న రోజు లేదు. వేళ్లు కదిలితేనే అది పని అంటుంది. రచనలో సగం పని వేళ్లు కదలనప్పుడే జరుగుతుందని క్లయింట్‌కి మెయిల్‌లో ఎలా చెప్పాలి? చెప్పి చూశాను. రేటు తగ్గించలేదు, ఆ పనీ రాలేదు.

నోటుపుస్తకంలో రాసుకుని తర్వాత టైప్ చేసేవాళ్లకయితే ఇది ఇంకా ఇబ్బంది. వ్యాసం మొదటి నుంచి చివరిదాకా చెక్కుచెదరకుండా వచ్చేస్తుంది. వేరే యాప్‌లో రాసి పేస్ట్ చేస్తే ఒకే ముద్దగా ఊడిపడుతుంది. చూసేవాళ్లకి అది యంత్రం దగ్గర్నుంచి తెచ్చి అతికించినట్టే ఉంటుంది. నిజానికి యంత్రం రాసినదాన్ని పక్కన పెట్టుకుని ఓపిగ్గా టైప్ చేసేవాడిని కూడా హిస్టరీ పట్టుకోలేదు. కాబట్టి నేను సాక్ష్యం అన్నది బలమైన సాక్ష్యమే గానీ, తిరుగులేనిది కాదు. డాక్యుమెంట్‌కి కాపీ తీస్తే హిస్టరీ ఆ కాపీకి రాదు. పాత చిన్న చిన్న మార్పులు కాలక్రమంలో కలిసిపోవచ్చు కూడా. ముఖ్యమైన దశల్లో వెర్షన్‌కి ఒక పేరు పెట్టుకుంటే తర్వాత వెతుక్కోవడం తేలిక. ఇంకొకటి, ఎడిట్ అనుమతి ఇచ్చామంటే మనం చెరిపేసినవన్నీ అవతలివాళ్లు చూడొచ్చు. ఒక క్లయింట్ నేను తీసేసిన పేరాని తవ్వితీసి "ఇదే బాగుంది, పెట్టండి" అన్నారు. కాస్త ఒళ్లు మండింది. చదివితే నిజంగానే బాగుంది, అది వేరే విషయం.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది మాత్రం నా రాతలో వచ్చిన మార్పు. ఎవరో చూస్తారని తెలిసి రాయడం వేరుగా ఉంటుంది. ఒక పేరా మొదటిసారే చక్కగా కుదిరిందంటే ఒకప్పుడు సంతోషం, ఇప్పుడు టెన్షన్. మరీ నున్నగా వచ్చిందే, అనుమానిస్తారేమో అని ఒక మాట మార్చి, మళ్లీ పాత మాటే పెట్టిన సందర్భాలున్నాయి. అది వ్యాసం కోసం చేసిన దిద్దుబాటు కాదు, హిస్టరీ కోసం చేసింది. అందుకే నా సొంత కథల్ని డాక్స్‌లోంచి నోటుపుస్తకానికి మార్చేశాను. వాటికి పదానికి ఇంత అని ఇచ్చేవాళ్లు లేరు, రుజువు అడిగేవాళ్లూ లేరు.

పరిచయం లేని క్లయింట్లకి, పదాల లెక్కన, అందులోనూ మాతృభాష కాని భాషలో రాసేవాళ్లయితే ఈ ఫీచర్‌ని గట్టిగా సిఫారసు చేస్తాను. బ్రీఫ్ రాగానే ఖాళీ డాక్యుమెంట్ తెరిచి, నోట్సుతో సహా అందులోనే మొదలుపెట్టండి. పంపేటప్పుడు కాపీ పంపి, అసలుది మీ దగ్గర ఉంచుకోండి. ఎవరైనా అడిగితేనే చూపించండి, నాలాగా ముందుగా చూపించకండి. మిమ్మల్ని ఏళ్లుగా ఎరిగిన ఎడిటర్ ఉంటే, లేదా పదాల లెక్కన కాక వ్యాసానికి ఇంతని ముందే మాట్లాడుకుని ఉంటే, మీకు దీని అవసరమే పడకపోవచ్చు. నాకింకా అలాంటి ఎడిటర్ ఒక్కరే ఉన్నారు. మిగతావాళ్లందరి కోసం హిస్టరీ నడుస్తూనే ఉంది.