మేకప్ వైప్స్ కొంటున్నారా? ముందు ఆ స్టిక్కర్ గోకి చూడండి

పెళ్లిళ్ల సీజన్ కదా అని ఫ్యాన్సీ షాపుల్లో మేకప్ సామాను కొంటున్న విశాఖ ఆడవాళ్లందరూ ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. జగదాంబ జంక్షన్ వైపు ఒక షాపులో కొన్న మేకప్ తుడుచుకునే వైప్స్ వల్ల నా కళ్లు రెండూ పూరీల్లా పొంగాయి. పది రోజులు ఆఫీసులో ఏసీ కింద కూర్చుని కూడా నల్లద్దాలు తీయలేదు. షాపు పేరు రాయడం లేదు. అలాంటి సరుకు ఆ ఒక్క షాపులోనే ఉందని నాకు నమ్మకం లేదు. అలాంటి ప్యాకెట్‌ని ఎలా కనిపెట్టాలో చెబితే ఎక్కడ కొన్నా పనికొస్తుంది.

మొన్న వైశాఖంలో మా పిన్ని కూతురి పెళ్లి. సింహాచలం కొండ మీద, రాత్రి ముహూర్తం. మన ఊరి ఉక్క సంగతి తెలిసిందే, సముద్రం గాలికి ఫ్యాన్ కింద కూర్చున్నా చెమట ఆరదు. అందుకని పార్లర్ అమ్మాయి కాటుక, మస్కారా, ఐలైనర్ అన్నీ వాటర్‌ప్రూఫ్‌వే వేసింది. పెళ్లికి రెండు రోజుల ముందు గాజుల కోసం జగదాంబ వెళ్లినప్పుడు ఆ షాపు అద్దం వెనక గోపురంలా పేర్చిన గులాబీ రంగు ప్యాకెట్లు కనిపించాయి. ఇరవై ఐదు వైప్స్, ఎమ్మార్పీ 199, ఒకటి కొంటే ఒకటి ఫ్రీ, రెండూ కలిపి నూట యాభై. అలోవేరా బొమ్మ, ‘ఆల్కహాల్ ఫ్రీ’, ‘నేచురల్’ అని పెద్ద పెద్ద అక్షరాలు. ఇంకేం కావాలి. ఎండ నేరుగా ఆ అద్దం మీద పడుతోందని అప్పుడు చూశాను గానీ, అది ఆలోచించాల్సిన విషయమని తోచలేదు.

పెళ్లయ్యి కొండ దిగి ఎంవీపీ కాలనీలో ఇంటికి చేరేసరికి రాత్రి రెండున్నర. కాళ్లు లాగుతున్నాయి, తలలో పిన్నులు గుచ్చుకుంటున్నాయి. ప్యాకెట్ మూత దగ్గర అంటించి మూసే రేకు అప్పటికే కాస్త లేచి ఉంది. పైనున్న రెండు వైప్స్ అప్పడాల్లా ఎండిపోయాయి, అడుగువి మాత్రం పిండితే కారేంత తడి. గులాబీ అత్తరులో పుల్లటి మజ్జిగ కలిపినట్టు ఒక వాసన. అక్కడే ఆగాల్సింది.

ఫౌండేషన్ బాగానే వచ్చింది. గుడ్డ గోధుమరంగుకి తిరిగితే ఏదో ఘనకార్యం చేసినట్టు అనిపించింది కూడా. మస్కారా దగ్గర మొదలైంది గొడవ. వాటర్‌ప్రూఫ్ సరుకు నూనెకి కరుగుతుంది గానీ నీళ్లకి లొంగదు. ఈ వైప్స్‌లో ఉన్నది ముప్పాతిక వంతుకు పైగా నీళ్లే. ఎంత తుడిచినా కాటుక కంటి చుట్టూ బొగ్గులా పులుముకుంటోంది తప్ప వదలడం లేదు. నేను ఇంకా గట్టిగా రుద్దాను. ఒక్కో కంటికి మూడేసి వైప్స్ అయ్యాయి. రెప్పల మీద చర్మం ఒంట్లో అన్నిచోట్ల కన్నా పలచనిది, దాన్ని నేను వంటింటి గట్టు తుడిచినట్టు తుడిచాను. మంట పుట్టింది. మంట పుడుతోందంటే పని చేస్తోందన్నమాట అనుకున్నాను. ఆ మాట నాకు ఎవరు నేర్పారో గానీ, ఆరోజు నన్ను ముంచింది అదే. నీళ్లతో కడగక్కర్లేదు అని ప్యాకెట్ మీద ఉంది కాబట్టి అలాగే పడుకున్నాను.

పొద్దున్న లేచేసరికి రెప్పలు ఎర్రగా ఉన్నాయి, దురద. నిద్ర లేక అనుకున్నాను. అసలు సినిమా ఆ మర్నాడు. కుడి కన్ను తెరుచుకోలేదు, ఎడమది ఒక గీతలా తెరుచుకుంది. బుగ్గల మీద చిన్న చిన్న నీటి పొక్కులు. పెళ్లికి శ్రీకాకుళం నుంచి వచ్చిన మామ్మ నన్ను చూసి, “ఏటే గుంటా, మొకం అలా ఉబ్బిపోనాది? ఏ పురుగైనా కుట్టినాదేటి?” అంది. ఫొటోల్లో నేను లేని ఒకే ఒక్క ఫంక్షన్ సత్యనారాయణ వ్రతం, కారణం ఇదే.

మందుల షాపుకి వెళితే అక్కడి కుర్రాడు అడగకుండానే ఒక ట్యూబు తీసి ఇచ్చాడు. “ఇది రాయండి మేడమ్, రెండు రోజుల్లో దిగిపోద్ది.” దిగిపోయేదే, అందులో ఉన్నది గట్టి స్టెరాయిడ్ మరి. డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని రకం. రెప్పల మీద వాటిని సొంతంగా రోజుల తరబడి రాసుకుంటే చర్మం పలచబడుతుంది, కంట్లో ప్రెషర్ పెరిగే ప్రమాదం కూడా ఉంటుంది. ఈ సంగతి డాక్టర్ చెబితే తెలిసింది. అదృష్టం కొద్దీ అమ్మ ఆ ట్యూబు కొననివ్వలేదు.

చర్మం డాక్టర్ దగ్గరకి వెళ్లేటప్పుడు ప్యాకెట్ కూడా పట్టుకెళ్లాను. ఇది మాత్రం అందరూ చేయండి. ఆవిడ నా ముఖం కన్నా ప్యాకెట్ వెనక భాగాన్నే ఎక్కువసేపు చూశారు. దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారట, అంటే ఒంటికి తగిలిన వస్తువు పడక చర్మం వాయడం. రుద్దడం వల్ల, సబ్బు గుణం ఉన్న పదార్థాల వల్ల వెంటనే పుట్టిన మంట ఒకటి, ఒకటి రెండు రోజుల తర్వాత పొంగిన అలర్జీ ఇంకొకటి. నాకు రెండూ కలిసొచ్చాయి. “వైప్‌తో తుడిస్తే మేకప్ కొంత గుడ్డకి అంటుతుందమ్మా, గుడ్డలో ఉన్న మందు నీ ముఖానికి అంటుతుంది. కడగలేదంటే రాత్రంతా దాన్ని క్రీమ్ రాసుకుని పడుకున్నట్టే” అన్నారు.

తడి గుడ్డ నెలల తరబడి బూజు పట్టకుండా ఉండాలంటే అందులో ప్రిజర్వేటివ్ వేయక తప్పదు. దాన్ని నేను తప్పుపట్టను. ఏది వేశారన్నదే ప్రశ్న. నా ప్యాకెట్ మీద చీమల బారులాంటి అక్షరాల్లో మిథైల్‌ఐసోథియాజోలినోన్ అనే పేరు ఉంది. నోరు తిరగదు, అయినా ఆ పేరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. అమెరికాలో ఈ అలర్జీలు చూసే చర్మవైద్యుల సంఘం 2013లో దీన్నే ‘ఆ ఏటి అలర్జెన్’గా, అంటే అలర్జీ తెప్పించే పదార్థంగా, ప్రకటించింది. కడగకుండా ఒంటి మీద వదిలేసే సౌందర్య సాధనాల్లో దీన్ని వాడకూడదని యూరోపియన్ యూనియన్ 2017 నుంచి నిషేధించింది. షాంపూలాగా కడిగేసేవాటిలో మాత్రం లక్షలో ఒకటిన్నర వంతు దాకా ఒప్పుకుంటుంది. వైప్ సంగతి చూడండి, పేరుకి క్లెన్సింగ్, కానీ కడిగేది ఎవరు?

కొత్తగా కొన్న వస్తువుకి మొదటిసారే అలర్జీ ఎలా వచ్చిందని అడిగాను. ఈ రసాయనం గిన్నెలు తోమే లిక్విడ్‌లో ఉంటుంది, గోడల పెయింట్‌లో ఉంటుంది. ఎప్పుడో ఎక్కడో నా ఒంటికి పరిచయమైపోయింది, ఈ వైప్ దాన్ని బయటపెట్టింది, అంతే.

వాపు పూర్తిగా తగ్గాక, నాకు పడనిది ఏదో తేల్చడానికి ప్యాచ్ టెస్ట్ చేశారు. వీపు మీద చిన్న చిన్న అల్యూమినియం గిన్నెల వరస, ఒక్కో గిన్నెలో ఒక్కో పదార్థం, మీద టేపు. నలభై ఎనిమిది గంటలు వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మే నెల విశాఖలో చెమట పట్టకూడదట! రెండు రోజులు ఏసీ గదిలో బోర్లా పడుకుని, స్నానం మానేసి, అమ్మ తడి తువ్వాలుతో మెడా చేతులూ తుడుస్తుంటే పసిపిల్లలా ఉన్నాను. టేపు ఒక మూల లేచిపోతే మళ్లీ ప్లాస్టర్ అంటించాం. తీసి చూస్తే రెండు చోట్ల ఎర్రటి దద్దుర్లు. ఒకటి ఆ నోరు తిరగని పేరు, రెండోది సెంటు వాసనల మిశ్రమం. వైప్స్ ఖరీదు నూట యాభై, దాని మీద అయిన ఖర్చు ఎంతో రాస్తే మా ఆయన మళ్లీ మొదలుపెడతారు.

ఇప్పుడు అసలు మోసం సంగతి. ప్యాకెట్ వెనక ఒక తెల్ల స్టిక్కర్ ఉంది, తయారీ 2025 జనవరి అని. డాక్టర్ గారి క్లినిక్‌లో నా నంబరు పిలిచేలోపు తోచక ఆ స్టిక్కర్ అంచుని గోటితో గోకుతూ కూర్చున్నాను. సగం ఊడి వచ్చింది. కింద ప్యాకెట్ మీదే అచ్చయిన తేదీ, 2022 ఆగస్టు. పాత సరుకుకి కొత్త పుట్టినరోజు అన్నమాట. ఆ ఎండిన వైప్స్, పుల్లటి వాసన ఎందుకో అప్పుడు అర్థమైంది. ఎండలో, లేచిపోయిన మూతతో అన్నేళ్లున్న తడి గుడ్డలో ఏం పెరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ప్యాకెట్ పట్టుకుని షాపుకి వెళ్లాను.

“మీ స్కిన్నుకి పడలేదేమో మేడమ్. రోజూ ఎన్ని పోతున్నాయో తెలుసా? ఒక్కరూ వచ్చి అడగలేదు.”

“నా స్కిన్ సంగతి వదిలేయ్ అన్నా. డేట్ మీద డేట్ ఎందుకు అంటించారు?”

“అది పైనుంచే అలా వస్తాది మేడమ్. మేమేటి చేస్తాం.” కాస్సేపాగి, “బిల్లుందా?” అన్నాడు.

బిల్లు ఉంది. షాపు పేరు లేని తెల్ల కాగితం మీద ‘ఫ్యాన్సీ ఐటమ్స్ 150’ అని బాల్‌పెన్నుతో రాసిన చీటీ. అది ఇచ్చింది ఆయనే, అది బిల్లు కాదని నవ్విందీ ఆయనే. గొడవ పెద్దదవుతుంటే నూట యాభై తీసి గల్లాపెట్టె మీద పెట్టాడు. నేను తీసుకోలేదు. తీసుకుంటే ప్యాకెట్ వెనక్కి ఇవ్వాలట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. వాళ్లు మొదట అడిగింది కూడా బిల్లే. నూట యాభై రూపాయల సరుకైనా పక్కా బిల్లు ఎందుకు అడగాలో నాకు ఇలా తెలిసింది.

నిబంధనలు మాత్రం స్పష్టంగానే ఉన్నాయి. 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ప్రకారం ప్యాకెట్ మీద తయారుచేసినవాళ్ల లేదా దిగుమతి చేసినవాళ్ల పేరు, అడ్రసు, తయారైన నెల, సంవత్సరం, ఎమ్మార్పీ, ఫిర్యాదు చేయడానికి నంబరు ఉండాలి. ధర తగ్గిస్తే స్టిక్కర్ వేయొచ్చు, అది కూడా పాత ధరని కప్పేయకుండా. తేదీ మార్చడానికి స్టిక్కర్ వేసే హక్కు ఎవరికీ లేదు. విదేశీ సరుకైతే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రిజిస్ట్రేషన్ నంబరు కూడా లేబుల్ మీద కనిపించాలి. నా ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరూ లేదు, ఆ నంబరూ లేదు. ఉన్నదల్లా అలోవేరా బొమ్మ.

ఆ అలోవేరా గురించి కూడా ఒక మాట. పదార్థాల జాబితాలో ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాస్తారు. ఒక శాతం కన్నా తక్కువున్నవాటిని చివర్లో ఎలాగైనా పేర్చుకోవచ్చు. నా ప్యాకెట్‌లో అలోవేరా ఆ చివరి గుంపులో, సెంటు పక్కన కూర్చుంది. అంటే చుక్క పడిందో లేదో. ‘డెర్మటాలజిస్ట్ టెస్టెడ్’ అన్న ముక్క చూసి కూడా మురిసిపోకండి. టెస్ట్ చేశారని అంటున్నారు, ఎంతమంది మీద, ఏం తేలిందో చెప్పడం లేదు.

వైప్స్ అసలు వాడొద్దనను. రైల్లో, బీచ్ దగ్గర, నీళ్లు లేనిచోట అక్కరకొస్తాయి. కాకపోతే వాసన లేనివి, మూత గట్టిగా మూసుకునేవి, తేదీ ప్యాకెట్ మీదే అచ్చయి ఉన్నవి కొనండి. మోచేతి మడతలో రోజుకి రెండుసార్లు చొప్పున ఒక వారం రాసి చూసి, అప్పుడు ముఖానికి వాడండి. ఒక్కరోజు చూస్తే చాలదు, అలర్జీ తీరిగ్గా వస్తుంది. ఇంటికి రాగానే మాత్రం ముఖం కడిగేయండి. స్కూటీ డిక్కీలో పెట్టి ఎండలో వదిలేయకండి. చేతులు తుడుచుకునే శానిటైజర్ వైప్స్‌తో ముఖం తుడుచుకునే మహానుభావులు మా ఆఫీసులో ఇద్దరున్నారు, వాళ్లకి విడిగా చెప్పాను. వాడేసినవాటిని కమోడ్‌లో వేయొద్దు. గుడ్డలా కనిపిస్తాయి గానీ చాలావాటిలో పాలిస్టర్ ఉంటుంది, కరగవు. మా పక్క అపార్ట్‌మెంట్‌లో డ్రైనేజీ పైపులోంచి ప్లంబర్ వాటిని చేంతాడులా లాగాడు.

నేనిప్పుడు అమ్మ పద్ధతికి వచ్చేశాను. దూదికి నాలుగు చుక్కల కొబ్బరి నూనె అద్ది, మూసిన రెప్ప మీద అరనిమిషం ఆనించి ఉంచితే ఆ మొండి కాటుక దానంతటదే జారి వస్తుంది, రుద్దాల్సిన పనే లేదు. తర్వాత మామూలు ఫేస్‌వాష్. మొటిమలొచ్చే చర్మమైతే నూనె కంటి వరకే ఉంచుకోవడం మంచిది. “ఇరవై ఏళ్ల నుంచి చెబుతున్నాను” అని అమ్మ రోజుకి రెండుసార్లు అంటోంది, అది భరించాలి.

బుగ్గ మీద పొక్కులున్నచోట గోధుమరంగు మచ్చలు ఇంకా పోలేదు. నిన్న సాయంత్రం అటు పని ఉండి వెళ్లాను. అదే అద్దం, అదే ఎండ, అవే గులాబీ ప్యాకెట్లు. బోర్డు మాత్రం మార్చారు, ఒకటి కొంటే రెండు ఫ్రీ అట.