24 పోర్టుల స్విచ్: కన్సోల్‌కు పూర్తి మార్కులు, వెబ్ పేజీకి సగమే

విశాఖలో గాజువాక దగ్గర రొయ్యల ప్రాసెసింగ్ యూనిట్‌లో నెట్‌వర్క్ పని నాది. ఆఫీసుకు, ప్యాకింగ్ హాలుకు, కోల్డ్ స్టోరేజీకి తలా ఒకటి చొప్పున ఈ స్విచ్‌లను (కంప్యూటర్లను, కెమెరాలను నెట్‌వర్క్‌లో కలిపే పెట్టెలు) ద్వారకానగర్‌లో కొన్నాం. మూడింటినీ ఫైబర్‌తో త్రికోణంగా కలిపాం. లూప్, అంటే డేటా చుట్టూ తిరుగుతూనే ఉండడం, పడకుండా చూసే పద్ధతి స్పానింగ్ ట్రీ; మామూలుదైతే అందుకోసం ఒక లైనును పూర్తిగా ఆపేస్తుంది. ఖర్చు పెట్టి వేసిన ఫైబర్ ఖాళీగా పడి ఉండడం మా యజమానికి బొత్తిగా నచ్చదు, నాకూ నచ్చదు. ట్రాఫిక్‌ను గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుకు వేరే దారి ఇచ్చే మల్టిపుల్ స్పానింగ్ ట్రీ కావాలన్నది అందుకే.

ఆ పని ఈ స్విచ్ చక్కగా చేస్తోంది. బిల్లింగ్, ఆఫీసు వీలాన్‌లు (ఒకే స్విచ్‌లో విడిగా నడిచే నెట్‌వర్క్‌లు) ఇన్‌స్టెన్స్ 1లో, అంటే మొదటి ట్రీలో, కెమెరాలు, ఉష్ణోగ్రత సెన్సర్ల వీలాన్‌లు ఇన్‌స్టెన్స్ 2లో పెట్టాను. మొదటిదానికి ఆఫీసు స్విచ్‌కు 4096 ప్రయారిటీ (అంకె తక్కువైతే ప్రాధాన్యం ఎక్కువ) ఇచ్చి రూట్, అంటే ట్రీకి మొదలు, చేశాను, రెండోదానికి ప్యాకింగ్ హాలు స్విచ్‌ను. కెమెరాల రికార్డరు ఆ హాల్లోనే ఉంది కాబట్టి కోల్డ్ స్టోరేజీ వీడియో నేరుగా అక్కడికే వెళ్తోంది, బిల్లింగ్ దారికి అడ్డు రావడం లేదు. ఒక ఫైబర్ పీకి చూశాను, ట్రాఫిక్ వెంటనే రెండోదాని మీదికి మళ్లింది.

తంటా అంతా సెట్టింగ్‌లు మార్చే వెబ్ పేజీతోనే. రీజియన్ (ఒకే పట్టికతో కలిసి పనిచేసే స్విచ్‌ల గుంపు) పేరు, రివిజన్ నంబరు, ఏ వీలాన్ ఏ ఇన్‌స్టెన్స్‌లో అన్న పట్టిక మూడూ అన్ని స్విచ్‌లలో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. పేరులో పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడినా అది వేరే రీజియనే. ఈ పేజీ ఏమో పట్టికలో ఒక్కో వరుసను నింపగానే అమలు చేసేస్తుంది. అంటే వరుస మారినప్పుడల్లా ఆ స్విచ్ మిగతా రెండింటికీ పరాయిదవుతుంది, ట్రీ మళ్లీ లెక్క వేసుకుంటుంది. స్విచ్‌ల పట్టికలు ఒకటేనా అని సరిపోల్చుకోవడానికి డైజెస్ట్ (పట్టిక నుంచి లెక్కగట్టిన కోడ్) కూడా చూపించదు. పగలు, లైన్లు నడుస్తుండగా, ఈ పేజీని ముట్టుకోవద్దు.

కన్సోల్‌లో (కేబుల్ పెట్టి ఆదేశాలు టైపు చేసే చోట) ఈ బాధ లేదు. మార్పులన్నీ ముందు పక్కన పెట్టి చూపిస్తుంది, సరే అన్నాకే వేస్తుంది. అక్కడే వీలాన్ నంబర్లను విడివిడిగా కాకుండా 10 నుంచి 49, 50 నుంచి 99 అని మొత్తం గుంపులుగానే ఇన్‌స్టెన్స్‌లకు కట్టేయండి. ఇంకా సృష్టించని వీలాన్‌ను కూడా ముందే ఇన్‌స్టెన్స్‌లో చేర్చవచ్చు. రేపు కొత్త కెమెరాల వీలాన్ వచ్చినా పట్టిక మారదు.

పెట్టెలో వచ్చే ర్యాక్ మరలు మన సముద్రపు గాలికి అప్పుడే తుప్పు పట్టాయి, స్టీలువి వేరే కొనుక్కోండి. కన్సోల్ కేబుల్ పెట్టెలో ఉండదు, దుకాణంలో అడిగి తీసుకోండి.