స్కూల్ హింస మీద పుస్తకం కొంటున్న టీచర్లూ, తల్లిదండ్రులూ... ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

అమెరికాలోని కొలంబైన్ స్కూల్ కాల్పుల మీద ఆన్‌లైన్‌లో చవగ్గా ఒక పుస్తకం కనిపిస్తోంది, దయచేసి కొనకండి. నాకు 450 రూపాయలు పోయాయి, పోతే పోయాయి గానీ అందులోని తప్పులు మా స్టాఫ్ రూమ్‌ దాకా వచ్చేశాయి, నా బాధ అదీ.

విజయనగరం దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లలు కొట్టుకుని ఒకడికి తల మీద కుట్లు పడ్డాయి. పిల్లల్లో ఇంత కోపం ఎక్కణ్ణుంచి వస్తుందో తెలుసుకుందామని తెప్పించాను. అట్ట మీద ‘పూర్తి పరిశోధన’ అని ఉంది. విప్పితే 96 పేజీలు, ఇంతింత లావు అక్షరాలు, పబ్లిషర్ పేరు లేదు, ఎవరితో మాట్లాడి రాశారో ఎక్కడా లేదు. మూడో రోజుకే గమ్ము ఊడి మధ్య కాగితాలు చేతికొచ్చాయి. సరే, అతికించుకోవచ్చు.

లోపలి సరుకు మాత్రం అతికేది కాదు. 1999 ఏప్రిల్ 20న అమెరికాలోని కొలరాడోలో, ఆ కొలంబైన్ స్కూల్లో ఇద్దరు విద్యార్థులు 12 మంది తోటి పిల్లల్ని, ఒక టీచర్‌ని చంపారు. వాళ్లు ఎవరితోనూ కలవని ఒంటరివాళ్లని, పొడవాటి కోట్లు వేసుకుని తిరిగే ముఠాలో వాళ్లని, తమను ఏడిపించిన ఆటగాళ్ల మీద పగ తీర్చుకున్నారని ఈ పుస్తకం రాసింది. అవన్నీ మొదటి రోజుల్లో టీవీల్లో తిరిగిన మాటలు. వాళ్లకు స్నేహితులున్నారు. ఆటగాళ్లను ఏరి కాల్చలేదు, దొరికినవాళ్లను దొరికినట్టు కాల్చారు. అసలు ప్లాన్ బాంబులు! పిల్లలు భోంచేసే హాల్లో పెట్టిన రెండు ప్రొపేన్ గ్యాస్ బాంబులు పేలలేదు, పేలుంటే వందల ప్రాణాలు పోయేవి. ఆ బాంబుల గురించి ఇందులో ఒక్క ముక్క లేదు.

ఎప్పుడో అమెరికాలో జరిగినదాంట్లో తప్పులుంటే మనకేంటి అనుకోకండి. మా సార్ ఒకాయన ఇది చదివి, ఎనిమిదో తరగతిలో ఎవరితోనూ మాట్లాడని కుర్రాణ్ణి చూపించి “వీడి మీద ఓ కన్నేయాలి మాస్టారూ” అన్నారు. ఆ పిల్లాడు చివరి బెంచీలో కూర్చుని నోట్సు వెనక పేజీల్లో ఆర్టీసీ బస్సులు గీస్తుంటాడు, బోర్డు మీద ఊరి పేరుతో సహా. వాళ్ల నాన్న చెన్నైలో మేస్త్రీ పనికి పోయి ఉన్నాడు. వాడి మీదా అనుమానం?

అమెరికా సీక్రెట్ సర్వీస్ (అక్కడి అధ్యక్షుడికి భద్రత చూసే సంస్థ), అక్కడి విద్యాశాఖ కలిసి స్కూళ్లలో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో రిపోర్టు ఇచ్చాయి. దాడి చేసేవాడు ఇలాగే ఉంటాడని చెప్పే పోలిక ఏదీ లేదని తేల్చాయి. కానీ 81 శాతం ఘటనల్లో కనీసం ఒక్కరికైనా ముందే తెలుసు. మా గొడవలోనూ అంతే, ఇంటర్వెల్లో కొట్టుకుంటారని ప్రేయర్ టైముకే ముగ్గురు పిల్లలకు తెలుసు. మాతో చెప్పలేదు, చెబితే ముందు తమకే తిట్లు పడతాయని భయపడ్డారట. మనలాంటివాళ్లు చదవాల్సింది ఇది, ఈ పుస్తకంలో లేనిది కూడా ఇదే.

కొనేవాళ్లు ముందు పబ్లిషర్ పేరు, పేజీల సంఖ్య చూడండి. నమూనా పేజీలు తెరిచి, సమాచారం ఎక్కణ్ణుంచి తెచ్చారో రాశారా లేదా వెతకండి. ఇదే సరుకు వేరే అట్టలతో కూడా ఉంది, అందుకే అట్ట గుర్తు చెప్పడం లేదు. రిటర్న్ పెడితే డబ్బు ఇవ్వం, మార్చి ఇస్తాం అన్నారు. మార్చి అదే పుస్తకం మళ్లీ పంపారు. బీరువాలో పెట్టి తాళం వేశాను, స్కూల్ లైబ్రరీలోకి మాత్రం పోనివ్వను.