4కె బాక్సు కొన్నాక పాత డీవీడీలు మళ్ళీ ఎందుకు కొన్నానంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది సినిమా రివ్యూ కాదు. లార్డ్ ఆఫ్ ద రింగ్స్ మూడు భాగాలూ ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు, కొత్తగా చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. వాటి ఎక్స్‌టెండెడ్ ఎడిషన్, అంటే థియేటర్లో లేని సీన్లు కలిపిన పొడుగు వెర్షన్, డీవీడీ డబ్బాల్లో సినిమా డిస్కులతో పాటు ఇంకో రెండేసి డిస్కులు వచ్చేవి, అపెండిసెస్ అని పేరు, సినిమా ఎలా తీశారో చూపించే మేకింగ్ డాక్యుమెంటరీలు వాటిలో ఉంటాయి. ఈ రివ్యూ వాటిది. ఒకే సినిమా రెండుసార్లు ఎందుకు కొన్నావని ఇంట్లో అడిగితే చెప్పుకున్న సంజాయిషీ అని కూడా అనుకోవచ్చు.

2020 డిసెంబర్‌లో ఈ సినిమాల 4కె డిస్కుల సెట్టు, అంటే బొమ్మ ఇంకా స్పష్టంగా ఉండేది, వచ్చింది కదా, ఆ మధ్య అది తెప్పించుకున్నాను. తొమ్మిది డిస్కులు, థియేటర్ వెర్షనూ ఉంది, ఎక్స్‌టెండెడ్ వెర్షనూ ఉంది. బొమ్మకి వంక పెట్టడానికి లేదు. 2011 బ్లూరేలో మొదటి భాగానికి ఆకుపచ్చ ఛాయ పట్టిందని ఫ్యాన్స్ అంతా గోల పెట్టారు, ఇందులో మంచు మంచులా తెల్లగా ఉంది. సినిమా అయ్యాక అలవాటు కొద్దీ మేకింగ్ కోసం మెనూలోకి వెళ్ళాను. లేదు. ఈ డిస్కులో లేదేమో అని ఇంకోటి పెట్టాను, ఆ తర్వాత ఇంకోటి. తొమ్మిదింటిలో ఎక్కడా ఆ డాక్యుమెంటరీలు లేవు. విస్తరేసి పప్పూ నెయ్యీ పులుసూ అన్నీ వడ్డించి ఆవకాయ మర్చిపోయినట్టుంది. ఆవకాయ లేకపోయినా కడుపు నిండుతుంది, కాదనను, కానీ నేను కూర్చున్నదే దాని కోసం.

అసలు ఈ పిచ్చి పట్టింది కాలేజీ హాస్టల్లో. మా రూమ్మేట్ వాళ్ళన్నయ్య అమెరికా నుంచి మూడు డబ్బాలూ తెచ్చాడు. పాత పుస్తకాల బైండింగులా ఉంటాయి, మొదటిది ఆకుపచ్చ, రెండోది ఎరుపు, మూడోది నీలం. మొదటిది 2002 నవంబర్‌లో వచ్చింది, తర్వాత ఏడాదికొకటి. ఒక్కో డబ్బాలో నాలుగు డిస్కులు, రెండింటిలో సినిమా, రెండింటిలో అపెండిసెస్. థియేటర్లో 178 నిమిషాలున్న మొదటి భాగం ఇక్కడ 208 నిమిషాలు. చిక్కేంటంటే ఏ ప్రాంతం డిస్కు ఆ ప్రాంతం ప్లేయర్లోనే ఆడేలా తాళం వేస్తారు, దాన్నే రీజియన్ అంటారు. అవి రీజియన్ 1 డిస్కులు, ఇండియా రీజియన్ 5. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చనిస్తుంది, ఐదోసారి ఏది పెడితే ఇక అదే ఖాయం. మేం తెలియక ఇటూ అటూ నాలుగుసార్లు మార్చేశాం. ఐదోదానికి రూమంతా కూర్చుని మీటింగు పెట్టుకున్నాం, ఈ డ్రైవు ఇక జన్మంతా అమెరికా డిస్కులు చూడాలా మన డిస్కులు చూడాలా అని. ఓట్లు వేశాం. అమెరికా గెలిచింది.

అప్పటిదాకా మాకు తెలిసిన డిస్కులేంటి? రెండు వీసీడీలు, సరిగ్గా కథ రక్తి కట్టేచోట మొదటిది అయిపోతుంది, ఎవరో ఒకరు లేచి రెండోది పెట్టాలి. తర్వాత డీవీడీలొచ్చాయి, మెనూలో ‘సాంగ్స్’ అని ఒక బటన్, మూలన కంపెనీ లోగో, మధ్యమధ్యలో కింద నుంచి నగల షాపు ప్రకటన. ఎక్స్‌ట్రాలంటే మహా అయితే ట్రైలర్. తీసేసిన కామెడీ సీను చూడాలంటే డిస్కు దాకా ఆగక్కర్లేదు, రెండో వారం ‘కొత్తగా కలిపిన సన్నివేశాలతో’ అని పోస్టర్ వేసి థియేటర్లోనే కలిపేసేవాళ్ళు. అలాంటి మాకు గంటల తరబడి సినిమా ఎలా తీశారో చూపించే డిస్కులు దొరికితే ఎలా ఉంటుంది? సెమిస్టర్ పరీక్షల ముందు వారం చూశాం అవన్నీ. ఫలితాల సంగతి వదిలేయండి.

ఇక లోపల ఏముందంటే, మొదట బల్ల సంగతి చెప్పాలి. గండాల్ఫ్ పొడుగు, ఫ్రోడో పొట్టి, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకుంటారు. గ్రాఫిక్స్ అనుకున్నాను. కాదు, ఫ్రోడోని కెమెరాకి దూరంగా కూర్చోబెట్టారు, బల్లని రెండు ముక్కలుగా రెండు సైజుల్లో చేసి ఒకే బల్లలా కనిపించేట్టు పెట్టారు. ఇంతవరకు పాత ట్రిక్కే. కానీ కెమెరా కదిలితే గుట్టు బయటపడిపోతుంది కదా, అందుకని కెమెరా కదిలినప్పుడు దానికి తగ్గట్టు బల్ల ముక్కా కుర్చీ మనిషీ కూడా కదిలేలా కింద పట్టాల మీద అమర్చారు. సినిమాలో చూస్తే ఏమీ తెలీదు. పక్క నుంచి తీసిన షాట్‌లో చూస్తే నవ్వొస్తుంది, ఇద్దరు పెద్ద నటులు ఎవరి మొహం ఎవరూ చూడకుండా గాల్లోకి చూస్తూ డైలాగులు చెప్పుకుంటుంటారు. ఇప్పుడు ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయికి ఇదొక్కటి చూపించాను, మిగతాది చూడకుండానే లేచి తమ్ముణ్ణి లాక్కుని డాబా మీదకి వెళ్ళింది. వాణ్ణి ఆ చివర వాటర్ ట్యాంకు దగ్గర నిలబెట్టి తను ఈ చివర చెయ్యి చాచి, వాడు అరచేతిలో నిలబడ్డట్టు ఫోన్‌లో ఫొటో తీయించుకుంది. తీసింది నేనే. "నాన్నా, ఇప్పుడు కెమెరా కదుపు, వాడు కూడా కదలాలి" అని మొదలుపెట్టింది, ఎండలో గంట.

తర్వాత క్రికెట్. రెండో భాగంలో హెల్మ్స్ డీప్ కోట ముందు పదివేల మంది ఉరుక్‌హై అనే రాక్షసుల సైన్యం గుండెలు బాదుకుంటూ నేల తొక్కుతూ అరుస్తుంది చూడండి, ఆ అరుపు 2002లో వెల్లింగ్టన్ స్టేడియంలో రికార్డు చేశారు. న్యూజిలాండ్, ఇంగ్లండ్ వన్డే జరుగుతోంది, ఇన్నింగ్స్ మధ్య విరామంలో సినిమా డైరెక్టర్ పీటర్ జాక్సన్ గ్రౌండ్‌లోకి వచ్చి మైకు పట్టుకున్నాడు. పెద్ద తెర మీద ఆ రాక్షసుల భాష మాటలు వేశారు, పాతిక వేల మంది దాకా ఉన్న జనం ఆయన చెప్పినట్టల్లా అరిచారు, కాళ్ళు నేలకేసి కొట్టారు. మ్యాచ్ చూద్దామని టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు రాక్షసులైపోయి ఇంటికెళ్ళారు! ఇది చూసినప్పటి నుంచీ ఆ యుద్ధం వస్తే నాకు ఉప్పల్ స్టేడియం గుర్తొస్తుంది, ఏం చెయ్యను.

కవచాల ముచ్చటా ఉంది. ఆ గొలుసు చొక్కాలు చాలావరకు ఇనుము కాదు, ప్లాస్టిక్ పైపుని రింగులు రింగులుగా కోసి ఒక్కోటీ చేత్తో అల్లినవి. ఏళ్ళ తరబడి అదే పని చేసినవాళ్ళ వేలి ముద్రలు అరిగిపోయాయని చెప్తారు. హీరో గురించి మాట్లాడినంత సేపూ ఈ రింగుల గురించి మాట్లాడతారు, అదీ నాకు నచ్చింది.

ఒక్కటి మాత్రం ఎవరికి చూపించినా రూములో ఎవరూ మాట్లాడరు. మూడో భాగం చివరి డిస్కులో కామెరాన్ డంకన్ అనే న్యూజిలాండ్ కుర్రాడి రెండు షార్ట్ ఫిల్ములు ఉన్నాయి. క్యాన్సర్, 2003 నవంబర్‌లో పదిహేడేళ్ళకే పోయాడు. అతణ్ణి చూసి కదిలిపోయి రాసిందే ఆస్కార్ వచ్చిన ఇంటు ద వెస్ట్ పాట. పదకొండు ఆస్కార్ల సినిమా డబ్బాలో ఊరికే ఒక పిల్లాడి సినిమాలకి చోటిచ్చారు. ఎక్స్‌ట్రాలు అమ్మకాల కోసమే పెడతారనేవాళ్ళకి నేనిది చూపిస్తాను.

అన్నీ బంగారమేమీ కాదు. ఫొటో గ్యాలరీలు పరమ బోరు, రిమోట్ నొక్కుతూ వందల బొమ్మలు చూడాలి. మ్యాపు ఒకటుంది, ఏ ఊరు మీద నొక్కితే ఆ ఊరి క్లిప్పు వస్తుంది, రెండుసార్లు నొక్కి వదిలేశాను. కామెంటరీలు, అంటే సినిమా నడుస్తుంటే తీసినవాళ్ళు దాని మీద మాట్లాడే ఆడియోలు, ఒక్కో సినిమాకి నాలుగు, అంటే ఒక్కో సినిమా ఇంకో నాలుగుసార్లు చూడాలి. డైరెక్టరూ రచయితలూ మాట్లాడింది పూర్తిగా విన్నాను, నటులది కూడా. మిగతా రెండూ ముక్కలు ముక్కలుగానే, అబద్ధం ఎందుకు.

ఈ మధ్య చాలా డిస్కుల్లో వచ్చే ఎక్స్‌ట్రాలు చూసి ‘ఇవెవడికి కావాలి’ అంటే నేనూ ఒప్పుకుంటాను. ఆరు నిమిషాల వీడియో, హీరోయిన్ డైరెక్టర్‌ని పొగుడుతుంది, డైరెక్టర్ ప్రొడ్యూసర్‌ని పొగుడుతాడు, అందరం ఒక కుటుంబంలా పనిచేశాం అంటారు. దానికి డిస్కు ఎందుకు, ప్రీ రిలీజ్ ఈవెంటు చాలు. పని చూపించాలి, తప్పులు కూడా చూపించాలి. ఈ సీను ఇలా రాసుకున్నాం, తీశాక బాలేదు, తీసేశాం అని ఒప్పుకోవాలి. అపెండిసెస్‌లో ఆ ఒప్పుకోలు బోలెడుంది. అందుకే సినిమా మీద ప్రేమ తగ్గకపోగా పెరిగింది.

మా బావమరిది వాదన వేరే. "ఓటీటీలో సినిమా ఉంది, మేకింగ్ యూట్యూబ్‌లో ఉంది, ఈ ప్లాస్టిక్ ఎందుకు బావా?" అంటాడు. సగం నిజమే. ఆర్ఆర్ఆర్ మేకింగ్‌నే చూడండి, బిహైండ్ అండ్ బియాండ్ అని 2024 డిసెంబర్‌లో థియేటర్లలో వేసి, వారానికే నెట్‌ఫ్లిక్స్‌లో పెట్టారు. డిస్కు ఊసే లేకుండా జనం చూశారు. అంటే మేకింగ్ మీద ఆకలి పోలేదు, విస్తరి మారిందంతే. కానీ యూట్యూబ్‌లో ఉన్నవి ముక్కలు, ఇవాళ కనిపించింది రేపు ఉంటుందో లేదో. ఓటీటీలో మెనూ తవ్వే సరదా కూడా లేదు. మొదటి భాగం డిస్కులో సీన్ల జాబితా చివరి పేజీకి వెళ్ళి కింది బాణం నొక్కితే ఉంగరం బొమ్మ వస్తుంది, దాన్ని నొక్కితే హాలీవుడ్ కమెడియన్ జాక్ బ్లాక్ చేసిన పేరడీ. హాస్టల్లో అది కనిపెట్టినవాడికి వారం రోజులు హీరో మర్యాద జరిగింది.

సరే, ఇప్పుడు కొనాలా? బొమ్మ ముఖ్యమైతే 4కె కొనండి, ఆలోచించక్కర్లేదు. మేకింగ్ కావాలంటే పాత డీవీడీలు సెకండ్ హ్యాండ్‌లో వెతకండి, లేదా 2011 బ్లూరే సెట్టు, పదిహేను డిస్కుల్లో ఇవన్నీ ఉన్నాయి, కాకపోతే ఎక్స్‌ట్రాలు అందులోనూ డీవీడీల మీదే ఇచ్చారు కాబట్టి బొమ్మ మెరుగవుతుందని ఆశపడకండి. పెద్ద టీవీలో కొంచెం మసకగానే ఉంటుంది, పది నిమిషాలయ్యాక పట్టించుకోరు. రీజియన్ చూసుకోండి. డబ్బు కట్టే ముందు డబ్బా తెరిచి నాలుగు డిస్కులూ ఉన్నాయో లేదో ఫొటో అడగండి. నేను అడగలేదు. ఆన్‌లైన్‌లో ఒకతను అమ్మితే మూడు డబ్బాలూ కొన్నాను, వచ్చాక చూస్తే ఎర్ర డబ్బాలో నాలుగో డిస్కు లేదు. ఫోన్ చేస్తే "సినిమా డిస్కులు రెండూ ఉన్నాయి కదండీ, ఇంకేం కావాలి" అన్నాడు. క్రికెట్ స్టేడియం ఉన్నది సరిగ్గా ఆ డిస్కులోనే. రెండో భాగం అపెండిసెస్ పార్ట్ ఫోర్, రీజియన్ ఏదైనా పర్లేదు, విడిగా ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, కొరియర్ ఖర్చు నాదే.