ఫ్రైడ్ రైస్‌కి ఏది మేలు: నిన్నటి అన్నమా, ఇవాళ్టి అన్నమా?

ఫ్రైడ్ రైస్ చేసే అన్నాన్ని చైనాలో 'గ యే ఫాన్' అంటారు, అంటే రాత్రి దాటిన అన్నం. మనం మిగిలిన అన్నానికి పోపు పెట్టుకున్నట్టే వాళ్లు గుడ్డు కొట్టి వేయించుకుంటారు. అందుకే "నిన్నటి అన్నమైతేనే కుదురుతుంది" అన్న మాట గట్టిగా పాతుకుపోయింది. రెండు రకాలూ చాలాసార్లు చేసి చూశాక నాకు అర్థమైంది వేరు. కావాల్సింది పాత అన్నం కాదు, తడి ఆరిన అన్నం.

బాండీలో తడి ఉన్నంతసేపు అన్నం వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అంటే ఉడుకుతూనే ఉంటుంది, వేగదు. వేగిన కమ్మటి వాసన రావాలంటే 140 డిగ్రీలైనా దాటాలి. హోటల్ పొయ్యి మంట ఆ తడిని క్షణాల్లో ఎగరగొట్టేస్తుంది, మన ఇంటి గ్యాస్ పొయ్యికి అంత బలం లేదు. నేను మొదటిసారి కుక్కర్‌లోంచి తీసిన సోనా మసూరి అన్నం వేడివేడిగా బాండీలో వేసేశాను. రెండు నిమిషాల్లో ముద్దయి అడుగంటింది.

ఫ్రిజ్‌లో పెట్టిన అన్నానికి ఒక గొప్ప గుణం ఉంది. చల్లారేకొద్దీ అందులోని పిండిపదార్థం మళ్లీ గట్టిపడి మెతుకు బిరుసెక్కుతుంది, గరిటె తగిలినా చితకదు. కానీ డబ్బాలో కుక్కి మూత పెడితే ఆవిరి బయటికి పోక అంతా ఒక్క గడ్డ అవుతుంది. ఆ గడ్డను బాండీలో వేసి అట్లకాడతో పొడిస్తే మెతుకులు విరిగి నూకలవుతాయి. ముందే చేతులు కాస్త తడి చేసుకుని, గిన్నెలోనే మెతుకు మెతుకూ విడదీసుకోవాలి.

ఇవాళ్టి అన్నానికి దారి మన పులిహోరలోనే ఉంది. గంజి వార్చి, కాస్త పలుకుండగానే దించి, వెడల్పాటి పళ్లెంలో పల్చగా పరిచి ఫ్యాన్ కింద అరగంట నుంచి ముప్పావుగంట ఆరబెట్టండి. పులిహోరకి కలిపినట్టు నూనె మాత్రం ఇప్పుడే కలపొద్దు. అరచేత్తో తాకితే మెతుకు అంటుకోకూడదు, అదే గుర్తు. ఇలా చేస్తే పైన ఆరి, లోపల మెత్తగా ఉంటుంది. తినేటప్పుడు నాకు ఫ్రిజ్ అన్నం కంటే ఇదే నచ్చుతుంది. ఇంటికి చుట్టాలొస్తున్న రోజు నేను చేసేది ఇదే. ఫ్రిజ్‌లో అన్నం మిగిలినప్పుడు మాత్రం దాన్ని కాదనను.

రాత్రంతా గట్టు మీద వదిలేసిన అన్నం మాత్రం ఈ లెక్కలోకి రాదు. 1970ల్లో బ్రిటన్‌లోని చైనా హోటళ్లలో ఫ్రైడ్ రైస్ తిని జనం వాంతులు చేసుకున్నది సరిగ్గా ఇలాంటి అన్నం వల్లే. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. బయట గంటల తరబడి ఉంచితే పెరిగి విషం తయారుచేస్తాయి, ఆ విషం ఎంత వేయించినా పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని గంట, మహా అయితే రెండు గంటల్లో ఫ్రిజ్‌లోకి చేర్చాలి.

బియ్యం సంగతంటారా, బాస్మతి తప్పనిసరి అనుకోకండి. పొడిపొడిగా వస్తుంది నిజమే, కానీ దాని సువాసన గుడ్డు, ఉల్లికాడల రుచిని వెనక్కి నెట్టేస్తుంది. మన బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, పాత బియ్యమైతే చక్కగా సరిపోతుంది. కొత్త బియ్యం వద్దు, ముద్దవుతుంది.

బాండీ ఇనుపదైతే మేలు. నాన్‌స్టిక్‌ని ఖాళీగా పెద్ద మంట మీద అంత కాల్చకూడదు. ఇనుప బాండీ పొగలు కక్కాక నూనె, గుడ్డు, గుడ్డు సగం గట్టిపడగానే అన్నం. ఒక్కో వాయికి ఇద్దరికి సరిపడేంతే వేయండి, ఎక్కువైతే బాండీ చల్లబడి మళ్లీ ఆవిరే. మొదట సుయ్‌మనే చప్పుడు కాసేపటికి చిటపటగా మారి, మెతుకులు బాండీలో ఎగిరెగిరి పడతాయి. అప్పుడు ఉప్పు, ఉల్లికాడలు. చైనాలో జియాంగ్సు రాష్ట్రంలోని ఊరు యాంగ్‌జౌ పేరుతో ప్రసిద్ధమైన ఫ్రైడ్ రైస్ తెల్లగా, ఉప్పు రుచితోనే ఉంటుంది. సోయా సాస్ కావాలనుకుంటే ఒక్క చెంచా, అదీ అన్నం మీద కాదు, కాలిన బాండీ అంచు వెంట పోయండి.