సియెనా కత్తెరీనమ్మ ఊళ్లో: ఏది చూడాలి, ఎక్కడ దిగాలి

ఇటలీలో ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి రైలు కన్నా బస్సు నయం. రైల్వే స్టేషన్ కొండ కిందుంటుంది, అక్కణ్ణించి వరసపెట్టి ఎస్కలేటర్లు ఎక్కాలి. బస్సయితే పాత ఊరి అంచున దింపుతుంది, శాన్ డొమెనికో చర్చికి దగ్గర్లోనే. కారు మాత్రం వద్దు. లోపలి వీధుల్లోకి పర్మిషన్ లేకుండా పోతే కెమెరాకి దొరికిపోతారు, జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది.

అందరూ ముందు శాన్ డొమెనికోకే వెళ్తారు, తల కోసం. అవును, ఈ ఊళ్లో పుట్టిన కేథలిక్ సెయింట్, పునీత కత్తెరీనమ్మ (కేథరిన్) తల. 1380లో రోములో 33 ఏళ్లకే చనిపోతే మొండెం అక్కడ ఉండిపోయింది, తల సొంతూరికి చేరింది. దాన్ని సంచిలో దాచి తెస్తుంటే కావలివాళ్లు ఆపి విప్పారట, లోపల గులాబీ రేకులే కనిపించాయట. చలువరాతి పీఠంలో, ఊచల వెనక, తెల్ల ముసుగులో ముడుచుకుపోయిన ముఖం. పిల్లల్ని తీసుకెళ్తే ముందే చెప్పి ఉంచండి. టికెట్ లేదు, భుజాలు కప్పుకుంటే చాలు. టూర్ గుంపులు వస్తే నిలబడనివ్వరు, పొద్దున్నే వెళ్లండి.

నా ఓటు మాత్రం కింద వాలులో ఉన్న ఆమె ఇంటికి. తండ్రి రంగుల అద్దకం పనివాడు, ఈమె 24వ సంతానం. పెళ్లి మాటెత్తితే జుట్టు కత్తిరించేసుకుంది. తల్లికి ఒళ్లు మండి ఇంటి చాకిరీ అంతా నెత్తిన పెట్టింది. ఆ వంటిల్లు ఇప్పుడు ప్రార్థనాలయం. పొయ్యి దగ్గర కూర్చుని పరవశంలో నిప్పుల మీద పడిపోయిందనీ, వదిన పరుగెత్తుకొచ్చి లేపితే ఒంటి మీద మచ్చ కూడా లేదనీ ఆమె గురువు రేమండ్ రాశాడు. ఆమె గదిలో తలగడగా వాడిన రాయి చూపిస్తారు. ఎదురుగా ఉన్న గుడిలో పీసా నుంచి తెచ్చిన సిలువ ఉంది. 1375లో దాని ముందే, సిలువ మీద క్రీస్తుకి అయిన గాయాల్ని తన ఒంటి మీద పొందిందనీ, అవి ఎవరికీ కనిపించకూడదని వేడుకుందనీ అంటారు. దర్శనంలో క్రీస్తు తొడిగిన పెళ్లి ఉంగరం కూడా ఆమె కంటికే కనిపించేదట. చివరి ఏళ్లలో దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తప్ప ఏమీ తినలేకపోయేది. ఈనాటి డాక్టరు దీనికి వేరే పేరు పెడతాడేమో. అదే మనిషి 1376లో, అప్పట్లో పోపులుండే ఫ్రాన్స్ వైపు ఊరు అవిన్యోన్ వెళ్లి పోపు 11వ గ్రెగరీని రోముకి కదలమని పట్టుబట్టింది, మరుసటి ఏడాది ఆయన వచ్చాడు కూడా.

బస విషయానికొస్తే, మేం ఆ వాలులోనే యాత్రికుల వసతిలాంటి చోట దిగాం. గది చిన్నది, మంచం గట్టిది, వైఫై దైవాధీనం. కానీ కిటికీ తీస్తే ఎదురుగా కొండ మీద చారల కెథెడ్రల్! మెయిన్ స్క్వేర్ పక్కనున్న హోటళ్లలో ఆ డబ్బుకి గోడ తప్ప కనపడదు. లగేజీ తక్కువ పెట్టుకోండి, అన్నీ మెట్లే. శాకాహారులు టమాటా, వెల్లుల్లి సాసుతో పిచి అడగండి, లావుపాటి నూడుల్స్, కడుపు నిండుతుంది. కారం మాత్రం మనమే తీసుకెళ్లాలి.

రోములో టైముంటే పాంథియన్ అనే పాత రోమన్ గుడి వెనకున్న సాంతా మరియా సోప్రా మినెర్వా చర్చికి వెళ్లండి. ప్రధాన పీఠం కిందే ఆమె సమాధి, దగ్గరగా మోకరించొచ్చు. బయట శిల్పి బెర్నీనీ రూపకల్పన చేసిన ఏనుగు బొమ్మ దగ్గర ఫోటోలకి ఎగబడే జనంలో సగం మంది కూడా లోపలికి రారు. మధ్యాహ్నం మూసే అవకాశం ఉంది, టైమింగ్స్ చూసుకుని బయల్దేరండి.